ఎనిమిదిన్నరేళ్ల అమ్మాయికి ఛాతీలో ఒకవైపే గడ్డ: ఇది యుక్తవయస్సు మొదలవడమేనా?

కలువరేకు
మా అమ్మాయికి ఎనిమిదిన్నర సంవత్సరాలు. చొక్కా తగిలినా ఎడమవైపు చనుమొన దగ్గర నొప్పిగా ఉంటోందని ఈమధ్య తానే చెప్పింది. చూస్తే చనుమొన కింద చిన్న గుండీ అంత గట్టి గడ్డ చేతికి తగిలింది. కుడివైపు అలాంటిదేమీ లేదు. కొన్ని నెలలుగా ఆడుకుని వచ్చినప్పుడు చంకల్లో పెద్దవాళ్లకు వచ్చే చెమట వాసన కూడా వస్తోంది. ఇంట్లో ఒకరేమో ఒకవైపే ఉంది కనుక ఇది కంతి అయి ఉంటుందని, వెంటనే తీయించేయాలని పట్టుబడుతున్నారు. ఇంకొకరేమో ఏడాది తిరగకముందే పెద్దమనిషి అవుతుందని, ఇక ఎత్తు పెరగడం ఆగిపోతుందని తేల్చేశారు. ఇది నిజంగా యుక్తవయస్సు మొదలవడమేనా, అయితే ఈ వయస్సుకు మరీ తొందర కాదా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

ఇద్దరమ్మాయిల_తండ్రి
మా పెద్దమ్మాయికి కూడా మొదట ఒకవైపే వచ్చింది. రెండోవైపు వచ్చేసరికి కొన్ని నెలలు పట్టింది. ఆ కొన్ని నెలలూ మా ఇంట్లో అందరూ వైద్యులైపోయారు కనుక మీ పరిస్థితి నాకు బాగా అర్థమవుతోంది.

పిల్లలడాక్టరు
కలువరేకు గారు, అన్నిటికంటే ముందు ఒక మాట చెప్పాలి. దయచేసి ఆ గడ్డను తీయించవద్దు, ముక్క పరీక్షకు కూడా ఒప్పుకోవద్దు. ఈ వయస్సులో చనుమొన కిందనే, దానికి సరిగ్గా మధ్యలో, తాకితే నొప్పి పుట్టే గట్టి బిళ్ల దాదాపుగా రొమ్ము మొగ్గే అయి ఉంటుంది. భవిష్యత్తులో రొమ్ము మొత్తం పెరగవలసింది ఆ కొద్దిపాటి కణజాలం నుంచే. దాన్ని కంతి అనుకుని కోసి తీసేస్తే ఆ వైపు రొమ్ము జీవితాంతం పెరగదు. ఒకవైపు ముందు, మరోవైపు వెనుక రావడం చాలా సాధారణం, రెండింటికీ మధ్య ఆరు నెలల తేడా ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. గడ్డ చనుమొనకు దూరంగా ఉన్నా, పైనున్న చర్మం ఎర్రబడినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా అది వేరే విషయం, అప్పుడు ఆలస్యం చేయకుండా చూపించాలి.

ఇక తొందరా కాదా అన్న ప్రశ్న. ఆడపిల్లలలో యుక్తవయస్సు మొదటి గుర్తు సాధారణంగా ఈ రొమ్ము మొగ్గే, నెలసరి కాదు. అది 8 నుంచి 13 సంవత్సరాల మధ్య ఎప్పుడు కనిపించినా సహజమైన పరిధిలోనే లెక్క. 8 నిండకముందే వస్తే ముందస్తు అంటారు, 13 నిండినా రాకపోతే ఆలస్యం అంటారు. మీ అమ్మాయి పరిధిలో తొలి అంచున ఉంది, అంతే. మొగ్గ కనిపించిన తరువాత మొదటి నెలసరి రావడానికి సుమారుగా రెండు, రెండున్నర సంవత్సరాలు పడుతుంది. కాబట్టి ఏడాదిలో పెద్దమనిషి అవుతుందన్న జోస్యాన్ని పక్కన పెట్టండి.

కలువరేకు
తీయించడం గురించి మీరు చెప్పింది చదివాక ప్రాణం లేచివచ్చింది. మరి ఆ చెమట వాసన సంగతి ఏమిటి? అది గడ్డకంటే ముందే మొదలయింది.

పిల్లలడాక్టరు
అది వేరే దారి. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు సుమారు 6 నుంచి 8 ఏళ్ల మధ్య బలహీనమైన పురుష హార్మోన్లను కాస్త ఎక్కువగా తయారుచేయడం మొదలుపెడతాయి. ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ ఇది జరుగుతుంది. చంకల్లో వాసన, ముఖం మీద జిడ్డు, ఒకటి రెండు మొటిమలు, ఆ తరువాత మర్మస్థానంలో వెంట్రుకలు ఈ దారిన వస్తాయి. రొమ్ము ఎదుగుదలను నడిపించేది మెదడు నుంచి అండాశయాలకు వెళ్లే ఆజ్ఞ. ఈ రెండూ తరచుగా దగ్గర దగ్గరలో మొదలవుతాయి కనుక జనం రెండింటినీ ఒకటే అనుకుంటారు. ఒకటి లేకుండా మరొకటి కూడా మొదలుకావచ్చు. వాసన ఒక్కటే వస్తే యుక్తవయస్సు వచ్చేసిందని చెప్పలేము.

వెనకటిమనిషి
డాక్టరు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఎనిమిదేళ్లకు ఛాతీ రావడాన్ని సహజమని అంటే ఇక అసహజమన్నది ఎక్కడుంది? మా తరంలో పద్నాలుగు, పదిహేను ఏళ్లు వస్తేగాని ఈ మాట వినిపించేది కాదు. గాలిలో, నీటిలో, ప్లాస్టిక్కులో కలిసిన విషం పిల్లల శరీరాలను తొందరపెడుతోంది. పరిధి అంటూ మనమే గీత గీసుకుని, పిల్లలు గీత దాటిన ప్రతిసారీ గీతను జరుపుకుంటూ పోతున్నాం.

గణాంకాలపిచ్చి
వెనకటిమనిషి గారు రెండు వేర్వేరు విషయాలను కలిపేశారు. మీ తరంలో వినిపించిన మాట మొదటి నెలసరి గురించి. ఈ చర్చ మొదలైంది రొమ్ము మొగ్గ గురించి. ఆ రెండింటికీ మధ్య సాధారణంగా రెండేళ్లకు పైగా తేడా ఉంటుంది. మీ కాలంలో మొగ్గ ఎప్పుడు వచ్చిందో ఎవరూ తేదీ రాసిపెట్టుకోలేదు.

అయితే మీ మాటలో నిజం లేకపోలేదు. ఉత్తర ఐరోపా దేశాలలో 19వ శతాబ్దం మధ్యలో మొదటి నెలసరి సగటున 16, 17 ఏళ్లకు వచ్చేదని, 20వ శతాబ్దం మధ్యకు అది సుమారు 13కు దిగిందని పాత రికార్డులు చెబుతున్నాయి. ఆ తగ్గుదలకు ప్రధాన కారణాలుగా చెప్పేవి మంచి పోషణ, అంటువ్యాధులు తగ్గడం. అంటే ఆ తగ్గుదలలో చాలా భాగం ఆరోగ్యం మెరుగుపడినందుకు గుర్తు, విషానికి కాదు. మగపిల్లల సంగతికి ఒక సరదా ఆధారం ఉంది. 1727 నుంచి 1749 వరకు జర్మనీలోని లైప్‌జిగ్‌లో సంగీతకర్త బాహ్ గాయకబృందంలో ఉన్న అబ్బాయిల గొంతు ఎప్పుడు మారిందో రికార్డులను బట్టి లెక్కకట్టారు. నేటి పిల్లలతో పోలిస్తే వారికి గొంతు చాలా ఆలస్యంగా మారేది. యుద్ధకాలపు కరవు వచ్చిన ఏళ్లలో అది ఇంకా వెనక్కి జరిగింది.

గీత జరపడం గురించి కూడా చెబుతాను. లండన్‌కు దగ్గరలో ఒక పిల్లల ఆశ్రమంలోని 192 మంది ఆడపిల్లలను గమనించి మార్షల్, టానర్ అనే పరిశోధకులు 1969లో ప్రచురించిన అధ్యయనంలో రొమ్ము ఎదుగుదల మొదలైన సగటు వయస్సు సుమారు 11 సంవత్సరాలు. వైద్యులు ఇప్పటికీ యుక్తవయస్సు దశలను లెక్కించేది టానర్ పేరుతోనే. సుమారు 17 వేల మంది ఆడపిల్లలను పరిశీలించి 1997లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో ఆ సగటు తెల్లజాతి పిల్లలలో 10కి, నల్లజాతి పిల్లలలో 9కి దగ్గరగా వచ్చింది. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2020లో చేసిన విశ్లేషణలో 1977 నుంచి 2013 వరకు ప్రతి పదేళ్లకు సుమారు మూడు నెలల చొప్పున రొమ్ము మొగ్గ ముందుకు జరిగిందని తేలింది. మొదటి నెలసరి మాత్రం అంత వేగంగా జరగలేదు. అంటే ఇప్పటి పిల్లలు ముందు బయలుదేరుతున్నారు గాని, ప్రయాణానికి ఎక్కువ కాలం తీసుకుంటున్నారు.

వెనకటిమనిషి
నేను అన్నదే అంకెలతో చెప్పి, మళ్లీ నేను తప్పన్నారు. బయలుదేరడం ముందుకు జరిగిందని మీరే ఒప్పుకున్నారు కదా. దానికి కారణమేమిటో చెప్పండి.

గణాంకాలపిచ్చి
అందరూ ఎక్కువగా ఒప్పుకునే కారణం శరీరంలోని కొవ్వు. అధిక బరువున్న ఆడపిల్లలలో యుక్తవయస్సు సగటున ముందు వస్తుంది. హార్మోన్ల వ్యవస్థను తికమకపెట్టే రసాయనాల మీద అనుమానం ఉంది, పరిశోధన సాగుతోంది, కాని ఒక పిల్లను చూపించి ఫలానా సీసా వల్లనే వచ్చిందని వేలెత్తి చూపగల స్థితి లేదు. 2020లో కోవిడ్ సమయంలో ఇటలీ వైద్యులు ముందస్తు యుక్తవయస్సుతో వచ్చే ఆడపిల్లల సంఖ్య హఠాత్తుగా పెరిగిందని గమనించారు, తరువాత ఇతర దేశాల నుంచి కూడా అలాంటి నివేదికలే వచ్చాయి. ఆ కొన్ని నెలలలో గాలీ నీరూ హఠాత్తుగా చెడిపోలేదు. బరువు పెరగడం, కదలిక తగ్గడం, నిద్ర వేళలు మారడం, ఆందోళన వంటివి అన్నీ ఒక్కసారిగా మారాయి. వాటిలో దేని వంతు ఎంత అన్నది విడదీయడం కష్టం.

పిల్లలడాక్టరు
ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. లావుగా ఉన్న పిల్లల్లో ఛాతీ దగ్గర చేరిన మెత్తని కొవ్వును చూసి మొగ్గ అనుకునే ప్రమాదం ఉంది. కంటితో చూస్తే సరిపోదు, వేలితో తాకి చనుమొన కింద గట్టి బిళ్ల ఉందా లేదా చూడాలి. నా దగ్గరకు తొందరగా వచ్చేసిందని తీసుకువచ్చే పిల్లలలో కొందరికి ఉన్నది కేవలం కొవ్వే.

అడిగేవాడు
అసలు ఇది మొదలుకావాలని శరీరానికి ఎవరు చెబుతారు? ఒక పిల్లకు ఎనిమిదికి, ఆమె పక్కన కూర్చునే పిల్లకు పన్నెండుకు మొదలవడం ఏమిటి?

జీవశాస్త్రం_టీచరు
మెదడు అడుగుభాగంలో ఉన్న హైపోథాలమస్ అనే చిన్న ప్రాంతం ఒక హార్మోనును విడతలు విడతలుగా, ఒక లయలో విడుదల చేస్తుంది. దానికి స్పందించి పీయూష గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోనులను రక్తంలోకి వదులుతుంది. అవి అండాశయాలనో వృషణాలనో మేల్కొలుపుతాయి. ఆ తరువాత ఆడపిల్లలలో ఈస్ట్రోజెన్, మగపిల్లలలో టెస్టోస్టెరాన్ మిగిలిన పని చేస్తాయి.

విశేషమేమిటంటే ఈ యంత్రాంగం కొత్తగా తయారయ్యేది కాదు. పుట్టిన తరువాత మొదటి కొన్ని నెలలలో ఇది ఒకసారి పనిచేస్తుంది. పసివాళ్ల రక్తంలో ఆ హార్మోనులు పెరుగుతాయి, తరువాత మెదడే దాన్ని అణచివేస్తుంది, ఏళ్ల తరబడి అలాగే ఉంచుతుంది. యుక్తవయస్సు అంటే ఆ అణచివేత సడలడమే. సడలింపు మొదట రాత్రి నిద్రలో కనిపిస్తుంది. తొలి దశలో ఎల్‌హెచ్ నిద్రపోతున్నప్పుడే విడతలుగా పెరుగుతుందని 1972లో గుర్తించారు. పగలు తీసిన రక్తపరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన ఏమీ మొదలుకాలేదని చెప్పలేకపోవడానికి కారణం అదే. ఈ ఆజ్ఞకు కిస్‌పెప్టిన్ అనే పదార్థం ఎంత అవసరమో 2003లో తెలిసింది. దాన్ని అందుకునే గ్రాహకంలో జన్యులోపం ఉన్న కొన్ని కుటుంబాలలో యుక్తవయస్సే రావడం లేదని అప్పుడు కనుగొన్నారు. శరీరంలో కొవ్వు నిల్వలు తగినంత ఉన్నాయన్న కబురును మెదడుకు అందించేది కొవ్వు కణాలు తయారుచేసే లెప్టిన్. అది లేకపోతే వ్యవస్థ మేలుకోదు, కాని అది ఒక్కటే ఉంటే చాలదు.

ఇక పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య తేడాకు జవాబు చాలావరకు వంశంలోనే ఉంది. మనుషుల మధ్య కనిపించే తేడాలో సగానికి పైగా వారసత్వమేనని కవలల మీద చేసిన అధ్యయనాలు చెబుతాయి. కలువరేకు గారు, మీకూ మీ అమ్మగారికీ ఎప్పుడు మొదలయిందో గుర్తు చేసుకుంటే సగం సమాధానం మీ ఇంట్లోనే దొరకవచ్చు.

నిద్రలేనితండ్రి
అన్నీ నిద్రలోనే జరుగుతాయంటే మా వాడి సంగతి ఏమిటి? పదమూడేళ్లు వచ్చాయి, రాత్రి పన్నెండు దాటినా కళ్లు మూయడు, ఉదయం ఢంకా మోగించినా లేవడు. మా ఇంట్లో హార్మోనులు రాత్రి కాపలాకు కుదిరినట్లున్నాయి.

జీవశాస్త్రం_టీచరు
అది కేవలం మొండితనం కాదు. యుక్తవయస్సులో నిద్రను పిలిచే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా పెరుగుతుంది కనుక వారికి నిజంగానే ఆలస్యంగా నిద్ర ముంచుకొస్తుంది. చేతిలో ఫోను ఉంటే అది మరింత ఆలస్యమవుతుంది. మొదటి కారణం మన చేతిలో లేదు, రెండవది ఉంది.

చిన్నోడి_అమ్మ
ఆడపిల్లల గురించి ఇంత మాట్లాడుతున్నారు, మగపిల్లలను ఎవరూ పట్టించుకోరు. మా అబ్బాయికి పదమూడున్నర. తరగతిలో అందరికంటే పొట్టి, గొంతు మారలేదు, మీసం జాడ లేదు. ఆటల జట్టులోకి తీసుకోవడం లేదని ఏడుస్తున్నాడు. వాడికి ఆలస్యమైనట్లేనా?

పిల్లలడాక్టరు
మగపిల్లలలో మొదటి గుర్తు గొంతూ కాదు, మీసమూ కాదు. అవి చివరి వరుసలో వస్తాయి. మొదట పెరిగేవి వృషణాలు. పరిమాణం 4 మిల్లీలీటర్లకు చేరితే యుక్తవయస్సు మొదలయినట్లు లెక్క. దాన్ని కొలవడానికి వేర్వేరు పరిమాణాల పూసలు కట్టిన ఒక దండ వైద్యుల దగ్గర ఉంటుంది, పరీక్షకు ఒక నిమిషం చాలు. ఇది బయటికి కనబడదు కనుక తల్లిదండ్రులకు తెలియదు, పిల్లవాడు చెప్పడు. మగపిల్లలకు సహజ పరిధి 9 నుంచి 14 సంవత్సరాలు. పదమూడున్నరకు మీ అబ్బాయి ఇంకా పరిధిలోనే ఉన్నాడు, ఒకవేళ లోలోపల మొదలై ఉండవచ్చు కూడా. వాళ్ల నాన్నగారు ఏ వయస్సులో పొడుగు పెరిగారో ముందు అడగండి.

చిన్నోడి_అమ్మ
ఆయన కళాశాలలో చేరిన తరువాతనే పొడుగయ్యారని మా అత్తగారు ఎప్పుడూ అంటుంటారు. నేనే దాన్ని గొప్పలు చెప్పుకోవడం అనుకున్నాను.

ఆలస్యంగా_పెరిగినవాడు
చిన్నోడి అమ్మ గారు, నేను మీ అబ్బాయి వంటివాడినే. పదిహేనేళ్లు వచ్చినా నన్ను చూసినవాళ్లు పదేళ్ల పిల్లవాడనుకునేవారు. ఫోను ఎత్తితే అవతలివారు అమ్మా అని పిలిచేవారు. వైద్యుడు ఎడమచేతి ఎక్స్‌రే తీయించి నా ఎముకల వయస్సు అసలు వయస్సుకంటే రెండేళ్లకు పైగా వెనుకబడి ఉందని, అందువల్ల ఎదగడానికి ఇంకా చోటు మిగిలే ఉందని చెప్పారు. పదహారు దాటాక ఒక్కసారిగా పెరిగాను, చివరికి మా నాన్నగారి ఎత్తును దాటాను. అయితే అంతా చక్కబడింది కదా అని ఆ మధ్యకాలాన్ని తేలికగా తీసిపారేయకండి. దుస్తులు మార్చుకునే గదిలో దాక్కున్న రోజులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ‘ఆగితే అదే వస్తుంది’ అని పెద్దలు చెప్పే మాట నిజమే కావచ్చు, దాన్ని వినే పిల్లవాడికి మాత్రం ప్రతి సంవత్సరం చాలా పొడవుగా ఉంటుంది.

మందులషాపు_మిత్రుడు
ఆగితే వస్తుందని అందరికీ చెప్పడం కూడా సరికాదు. నాకు తెలిసిన ఒక అబ్బాయిని పద్దెనిమిదేళ్ల వరకు ఆగమనే చెప్పారు. చివరికి తేలిందేమిటంటే వాడికి చిన్నప్పటి నుంచి వాసనే తెలియదు, ఎవరూ అడగలేదు.

పిల్లలడాక్టరు
చాలా ముఖ్యమైన సంగతి. దాన్ని కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు. వాసన పసిగట్టే నాడులూ, ఇంతకుముందు చెప్పిన హార్మోనును విడుదల చేసే కణాలూ గర్భంలో ఒకే దారిలో మెదడుకు చేరతాయి. ఆ దారిలో లోపం వస్తే రెండూ దెబ్బతింటాయి. అందుకే ఆలస్యమైన ప్రతి పిల్లవాడినీ వాసన తెలుస్తుందా అని అడగాలి. ఆడపిల్లలైతే, ముఖ్యంగా ఎత్తు చాలా తక్కువగా ఉండి 13 ఏళ్లు నిండినా మొగ్గ రాకపోతే, టర్నర్ సిండ్రోమ్ (ఒక ఎక్స్ క్రోమోజోము పూర్తిగా గాని కొంత గాని లేకపోవడం) ఉందేమో క్రోమోజోముల పరీక్ష చేయించాలి. దీర్ఘకాలిక జబ్బులు, మరీ తక్కువగా తినడం, విపరీతమైన క్రీడా శిక్షణ కూడా ఆలస్యం చేస్తాయి. ఏ లోపమూ లేని వంశపారంపర్య ఆలస్యమే మగపిల్లల్లో ఎక్కువ, కాని ఆ మాట పరీక్షించిన తరువాత చెప్పాలి. 14 దాటాక పిల్లవాడు మానసికంగా నలిగిపోతుంటే కొన్ని నెలలపాటు తక్కువ మోతాదులో టెస్టోస్టెరాన్ ఇచ్చి ఆరంభాన్ని కాస్త ముందుకు తెచ్చే పద్ధతి కూడా ఉంది. అయితే అది హార్మోన్ల వైద్యులు చూసి ఇవ్వవలసినదే గాని వ్యాయామశాలలో అమ్మే పొడులతో చేసుకునేది కాదు.

పొడుగరి
కలువరేకు గారి ఎత్తు ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. యుక్తవయస్సు మొదలవడంతో ఎత్తు ఆగదు. ఆడపిల్లలు అత్యంత వేగంగా పెరిగేది మొగ్గ కనిపించిన తరువాత, మొదటి నెలసరికి ముందు. అప్పుడు ఏడాదికి 8, 9 సెంటీమీటర్ల వరకు పెరుగుతారు. నెలసరి వచ్చిన తరువాత కూడా సుమారు 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరగవచ్చు. మగపిల్లలకు ఆ ఉరకలు రెండేళ్లు ఆలస్యంగా వస్తాయి. ఆ రెండేళ్లు మామూలు వేగంతో అదనంగా పెరిగి ఉంటారు, ఉరక కూడా కాస్త పెద్దది. పెద్దయ్యాక ఆడవారికీ మగవారికీ మధ్య కనిపించే ఎత్తు తేడాలో పెద్ద భాగం అక్కడి నుంచే వస్తుంది.

ఎముకల పెరుగుదలను ఆపేది ఈస్ట్రోజెనే, మగవారిలో కూడా. 1994లో ఈస్ట్రోజెన్‌కు స్పందించని శరీరం గల ఒక ఇరవై ఎనిమిదేళ్ల మనిషి గురించి వైద్య పత్రికలో ప్రచురించారు. అతని ఎత్తు 204 సెంటీమీటర్లు, ఎముకల చివర్లు ఇంకా మూసుకోలేదు, ఆ వయస్సులోనూ పెరుగుతూనే ఉన్నాడు.

అడిగేవాడు
మీ పేరు చూసి మీరే అతను కాదు కదా అన్న అనుమానం వచ్చింది.

పొడుగరి
నా ఎముకలు ఎప్పుడో మూతపడ్డాయి. ద్వారబంధాలు మాత్రం తలకు తగులుతూనే ఉన్నాయి.

ఆరేళ్ల_పాప_తల్లి
మాది మీ అందరికంటే వేరైన అనుభవం. మా పాపకు ఆరేళ్లకే మొగ్గ వచ్చింది. ఏడాదిలోనే ఎముక వయస్సు తొమ్మిదికి చేరింది. తరగతిలో అందరికంటే పొడుగు కావడంతో చుట్టుపక్కల వాళ్లు మెచ్చుకునేవారు, ఆ పొడుగే జబ్బుకు గుర్తని మాకు తెలియదు. ఇప్పుడు నెలల వ్యవధితో సూదిమందు వేయిస్తున్నాం. దీన్ని గురించి చెడుగా రాసేవారు చాలామంది ఉన్నారు. అమ్మతనమే రాదని, ఎముకలు గుల్లబారతాయని భయపెడతారు. ఎవరైనా నిజం చెప్పండి.

వెనకటిమనిషి
ప్రకృతి మొదలుపెట్టినదాన్ని సూదితో ఆపడం నాకు మింగుడుపడదు. ఆరేళ్లకైనా ఎనిమిదేళ్లకైనా దాని దారిన దాన్ని పోనివ్వాలి.

ఆరేళ్ల_పాప_తల్లి
దాని దారిన పోనిచ్చి ఉంటే మా పాపకు రెండో తరగతిలో నెలసరి వచ్చేది. ఆ వయస్సులో ఆ పిల్ల దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో కూడా మీరే చెప్పండి.

పిల్లలడాక్టరు
ఇద్దరూ వేర్వేరు పిల్లల గురించి మాట్లాడుతున్నారు. ఆరేళ్లకు ముందు మొదలై వేగంగా సాగుతుంటే చికిత్స వల్ల చివరి ఎత్తు కాపాడుకోగలం, దీనిపై పెద్దగా వివాదం లేదు. ఆరు నుంచి ఎనిమిది మధ్య ఒక్కొక్కరినీ విడిగా చూసి నిర్ణయించాలి. కొందరిలో అది మెల్లగా సాగుతుంది, కొందరిలో కొద్దికాలం కనిపించి తానే వెనక్కి తగ్గుతుంది. అందుకే కొన్ని నెలలు గమనించకుండా సూది మొదలుపెట్టకూడదు. ఎనిమిది దాటాక మొదలైతే చికిత్స వల్ల ఎత్తులో వచ్చే లాభం సాధారణంగా ఏమీ ఉండదు.

మందు పనిచేసే తీరు తెలిస్తే భయం తగ్గుతుంది. హైపోథాలమస్ పంపే హార్మోను విడతలుగా వస్తేనే పీయూష గ్రంథి స్పందిస్తుంది. అదే పోలికలో ఉన్న మందును ఎడతెగకుండా అందిస్తే గ్రంథి స్పందించడం మానేస్తుంది, యుక్తవయస్సు ఆగుతుంది. మందు ఆపితే వ్యవస్థ మళ్లీ మేలుకుంటుంది, ఆ తరువాత చాలామందికి ఏడాది, ఏడాదిన్నరలో నెలసరి వస్తుంది. 1980ల నుంచి ఈ మందులు వాడుకలో ఉన్నాయి, అప్పటి పిల్లలు పెద్దవారై తల్లులయ్యారు. చికిత్స సమయంలో ఎముకల సాంద్రత పెరగడం మందగించినా తరువాత పుంజుకుంటుంది.

ఆడపిల్లల్లో చాలావరకు ముందస్తుకు కారణం దొరకదు, జబ్బూ ఉండదు. మగపిల్లలలో మాత్రం 9 ఏళ్లకు ముందు మొదలైతే మెదడులో గాని మరెక్కడైనా గాని కారణం ఉండే అవకాశం ఎక్కువ కనుక స్కానింగ్ వాయిదా వేయకూడదు. ఏ వయస్సు పిల్లకైనా తలనొప్పి, చూపు మందగించడం, విపరీతమైన దాహం తోడైతే వెంటనే చూపించాలి.

మందులషాపు_మిత్రుడు
ఇంకొకటి కలుపుతాను. ఇంట్లో ఎవరైనా టెస్టోస్టెరాన్ జెల్ పూసుకుంటుంటే ఆ చర్మం తగిలిన పసిపిల్లలలో వెంట్రుకలు, జననాంగం పెరగడం వంటి మార్పులు వచ్చిన ఉదంతాలు ఉన్నాయి. 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ జెల్ పెట్టెల మీద గట్టి హెచ్చరిక వేయించింది. పూసుకున్న చోటును బట్టతో కప్పుకోవాలి, చేతులు కడుక్కోవాలి. పిల్లవాడికి పరీక్షల మీద పరీక్షలు చేయించేముందు ఇంట్లో వాడే పూతల జాబితా చూసుకోవడం మంచిది.

పదమూడేళ్ల_నాన్న
సిగ్గుపడుతూ అడుగుతున్నాను. మా అబ్బాయికి కూడా చనుమొన కింద అలాంటి గడ్డే వచ్చింది. వాడు చొక్కా విప్పడం మానేశాడు. ఇది మగపిల్లలకు రాకూడనిది కదా?

పిల్లలడాక్టరు
సిగ్గుపడవలసింది లేదు. యుక్తవయస్సు మధ్యలో సుమారు సగం మంది అబ్బాయిలకు ఏదో ఒక స్థాయిలో ఇది వస్తుంది, ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో పోతుంది. మగపిల్లల శరీరంలోనూ కొంత ఈస్ట్రోజెన్ తయారవుతుంది, కొంతకాలం పాళ్లు కుదరక ఇలా జరుగుతుంది. వాడితో నేరుగా ‘ఇది నీ తరగతిలో చాలామందికి ఉంది, వాళ్లూ నీలాగే చొక్కాలు విప్పడం లేదు’ అని చెప్పండి.

కలువరేకు
నిన్న పిల్లల వైద్యురాలికి చూపించాము. ఆమె కూడా రొమ్ము మొగ్గ అనే చెప్పారు. రక్తపరీక్షలు గాని స్కానింగ్ గాని రాయలేదు, పాత ఎత్తుల కాగితాలన్నీ తెప్పించుకుని ఒక చార్టు మీద చుక్కలు పెట్టారు, నాలుగు నెలల తరువాత మళ్లీ రమ్మన్నారు. ఇంట్లో కంతి వాదం సద్దుమణిగింది. ఇప్పుడు మరో గొడవ మొదలైంది. అమ్మాయికి నెలసరి గురించి ఇప్పుడే చెప్పాలా, పదేళ్లు వచ్చాక చెప్పవచ్చా?

ఇద్దరమ్మాయిల_తండ్రి
ఇప్పుడే చెప్పండి. పెద్దమ్మాయికి వాయిదా వేశాము, బడిలో రక్తం చూసి ఏదో జబ్బు వచ్చిందని బెదిరిపోయింది. చిన్నమ్మాయికి ముందే చెప్పాము, ఆమె విని ‘సరే, నేను ఆడుకోవడానికి వెళ్లవచ్చా’ అని అడిగింది.

వెనకటిమనిషి
ఎనిమిదేళ్ల పిల్లకు అన్నీ చెప్పి బాల్యాన్ని లాగేసుకోవద్దని నా మనవి. కొన్ని విషయాలు వయస్సు వచ్చాక తెలియడమే మేలు.

జీవశాస్త్రం_టీచరు
అన్నీ చెప్పమని ఎవరూ అనలేదు. శరీరం మారుతోందని, ఎందుకు మారుతోందో, తరువాత ఏం జరుగుతుందో చెబితే చాలు. మీరు బాల్యం అన్నారు కనుక తరగతి గదిలో నేను చూసేది చెబుతాను. ముందుగా ఎదిగిన పిల్ల నుంచి టీచర్లూ బంధువులూ తెలియకుండానే పెద్దవాళ్ల తెలివిని, ఓర్పును ఆశిస్తారు. ‘ఇంత పొడుగున్నావు, ఇంకా ఏడుస్తావా’ అంటారు. శరీరం ముందు నడిచినా ఆమె మనస్సుకు ఎనిమిదేళ్లే. ఆటలు మాన్పించడం, కూర్చునే తీరును సరిదిద్దడం, ప్రతి సంభాషణను ఒంటి మీదికి మళ్లించడం వంటివే బాల్యాన్ని లాగేసుకుంటాయి. నెలసరి గురించి పది నిమిషాల మాట లాగేసుకోదు.

వెనకటిమనిషి
ఈ చివరి మాటతో నాకు పేచీ లేదు. విషం సంగతిలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.

ఆలస్యంగా_పెరిగినవాడు
ఆ చివరి మాట తలకిందులుగా నాకూ వర్తించింది. పదహారేళ్ల నాతో పదేళ్ల పిల్లవాడితో మాట్లాడినట్లు మాట్లాడేవారు.

కలువరేకు
ఎత్తు ఇంట్లో కొలిచి రాసుకోమన్నారు. నేను కొలిస్తే ఒక అంకె, మావారు కొలిస్తే ఇంకొక అంకె వస్తోంది. ఆయన లెక్క ప్రకారం అమ్మాయి పోయిన నెలకంటే పొట్టి అయింది.

పొడుగరి
ప్రతిసారీ ఒకే మనిషి, రోజులో ఒకే వేళకు కొలవాలి. ఉదయంకంటే సాయంత్రానికి అందరమూ ఒక సెంటీమీటరు వరకు తగ్గుతాము. చెప్పులు, జడ ముడులు తీసేసి, మడమలు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచి, తల మీద అట్ట ముక్క సమతలంగా పెట్టి గుర్తు గీయాలి. నెలనెలా కొలిస్తే కొలతలోని పొరపాటే పెరుగుదలలా కనబడుతుంది. మూడు నెలలకు ఒకసారి చాలు.

ఇద్దరమ్మాయిల_తండ్రి
మొదటి నెలసరి దగ్గరపడిందని ముందుగా తెలుసుకునే దారి ఏమైనా ఉందా? మా చిన్నమ్మాయికి పదకొండున్నర. ఈమధ్య లోదుస్తుల మీద తెల్లని మరకలు కనిపిస్తున్నాయి.

పిల్లలడాక్టరు
ఆ మరకలే గుర్తు. దురద, దుర్వాసన లేని తెల్లని లేదా పలుచని స్రావం సాధారణంగా మొదటి నెలసరికి ఆరు నెలల నుంచి ఏడాది ముందు మొదలవుతుంది. బడి సంచిలో ప్యాడ్లు, మార్చుకునే లోదుస్తులు ఉన్న చిన్న సంచి ఒకటి పెట్టించండి. వచ్చిన తరువాత మొదటి రెండేళ్లు తేదీలు కుదరకపోతే కంగారు పడకండి, చాలాసార్లు అండం విడుదల కాకుండానే రక్తస్రావం అవుతుంది. 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా ఆ వయస్సుకు మామూలే. రెండు నెలసరుల మధ్య మూడు నెలలు దాటినా, ఏడు రోజులకు మించి ఆగకపోయినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా చూపించండి. మొగ్గ వచ్చి మూడేళ్లయినా, లేదా 15 ఏళ్లు నిండినా మొదటి నెలసరి రాకపోతే అప్పుడూ అంతే.